ఎండాకాలంలో పాత పికప్ వేడి మీద స్టార్ట్ కాకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు, బుడగట్లపాలెం తీరం నుంచి చేపలు, విజయనగరం చుట్టుపక్కల తోటల నుంచి మామిడికాయలు మోస్తూ తిరిగే పాత పికప్‌లకు ఏప్రిల్, మే నెలల్లో తరచూ వచ్చే ఇబ్బంది ఒకటుంది. పొద్దున సులువుగా స్టార్ట్ అయిన బండి, మధ్యాహ్నం సరుకు దింపి మళ్లీ ఎక్కేసరికి మొండికేస్తుంది. ఇలాంటి బండిని షెడ్డుకు తీసుకెళ్లి సాయంత్రం దాకా ఉంచితే చల్లబడి చక్కగా స్టార్ట్ అవుతుంది. లోపం కంటికి కనబడదు కనుక అనుమానం మీద సామాన్లు మార్చడం మొదలవుతుంది. ఆ ఖర్చు తప్పాలంటే లోపాన్ని బండి వేడిగా ఉన్నప్పుడే, తక్కువ ఖర్చు పరీక్షతో మొదలుపెట్టి, వరుసగా వెతకాలి. ఇక్కడ ఎక్కువ భాగం పాత డీజిల్ పికప్‌ల గురించే రాశాము. కామన్ రైల్ ఇంజన్లకు (కంప్యూటరు అదుపులో డీజిల్ చిమ్మే తరువాతి కాలపు డీజిల్ ఇంజన్లకు), పెట్రోలు బండ్లకు వర్తించే మాటలు విడిగా ఉన్నాయి.

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకునే ఇంజన్ మధ్యాహ్నం ఎందుకు అందుకోదు?

బండి నడుస్తున్నంతసేపు ఇంజన్ వేడిని రేడియేటర్ నీళ్లు, ఫ్యాను, ఎదురుగాలి ఎప్పటికప్పుడు తీసుకుపోతుంటాయి. కీ తిప్పి ఆపగానే ఈ మూడూ ఒకేసారి ఆగిపోతాయి. ఇంజన్ బ్లాకులోను, ఎగ్జాస్ట్ మానిఫోల్డులోను (సిలిండర్ల నుంచి పొగను బయటికి చేర్చే గొట్టాల గుత్తి) నిలిచి ఉన్న వేడికి మాత్రం బయటికి పోయే దారి ఉండదు. అది నెమ్మదిగా సెల్ఫ్ మోటారుకు, డీజిల్ పంపుకు, పైపులకు, వైర్లకు పాకుతుంది. అందుచేత బండి ఆపిన తరువాత పది నుంచి ముప్పై నిమిషాల మధ్య బానెట్ కింద ఉండే వేడి, బండి నడుస్తున్నప్పటి వేడి కన్నా ఎక్కువగా ఉంటుంది. ఆపిన వెంటనే తిప్పితే స్టార్ట్ అయి, టీ తాగి వచ్చాక తిప్పితే స్టార్ట్ కాక, రెండు గంటలు ఆగితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అయ్యే బండ్లు ఉండడానికి కారణం ఇదే. బయట 40 డిగ్రీల ఎండ ఉన్న రోజున ఈ వేడి మరింత పెరుగుతుంది, దిగడానికి మరింత సమయం పడుతుంది.

ఇంత వేడిలో అరిగిన పంపు లోపలి సందుల గుండా పలచబడిన డీజిల్ జారిపోతుంది, సగం తుప్పు పట్టిన ఎర్తు కనెక్షను మరింత బలహీనపడుతుంది, లోపల పగులు పట్టిన కాయిల్ తెగిపోతుంది. చలికాలంలో ఇవన్నీ ఉన్నా బయటపడవు. ఎండ కొత్త లోపాన్ని తేవడం కన్నా, ఉన్న లోపాన్ని బయటపెట్టడమే ఎక్కువగా జరుగుతుంది.

అన్నిటికన్నా ముందు గమనించవలసింది ఏమిటి?

సెల్ఫ్ శబ్దం. బండి మొరాయించినప్పుడు సెల్ఫ్ ఇంజన్‌ను పొద్దున తిప్పినంత వేగంగా తిప్పుతున్నదా, లేక ఈడుస్తున్నట్టు నెమ్మదిగా తిప్పుతున్నదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం పని అయినట్టే. నెమ్మదిగా తిరిగితే లోపం కరెంటు వైపు, అంటే బ్యాటరీలోనో, కేబుళ్లలోనో, సెల్ఫ్ మోటారులోనో ఉంటుంది. వేగంగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే లోపం డీజిల్ వైపు ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చూసినవాళ్లే పంపు విప్పించి, తరువాత బ్యాటరీ మార్చి, చివరకు ఎర్తు బోల్టు బిగించి ఊపిరి పీల్చుకుంటారు.

చెవికి తేడా తెలియకపోతే ఫోనులో పొద్దున ఒకసారి, వేడి మీద ఒకసారి ఆ శబ్దం రికార్డు చేసి పక్కపక్కన వినాలి. మెకానిక్కుకు కూడా ఆ రికార్డు మాటల కన్నా ఎక్కువ చెబుతుంది.

సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతోంది. బ్యాటరీ మార్చేయడమేనా?

కొలవకుండా మార్చవద్దు. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే మామూలు మల్టీమీటరు చాలు. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు ఉంటే పూర్తి చార్జింగుతో ఉన్నట్టు. 12.4 దగ్గర ఉంటే కొంత తగ్గినట్టు, 12 దగ్గరకు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. తరువాత బండి వేడి మీద ఉన్నప్పుడు ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు అదే చోట కొలవాలి. అప్పుడు 9.6 వోల్టుల కన్నా కిందికి పడిపోతే, బ్యాటరీ నీరసించిందని గాని, సెల్ఫ్ మోటారు అతిగా కరెంటు లాగుతున్నదని గాని అర్థం. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు రావాలి. అంతకన్నా తక్కువైతే ఆల్టర్నేటర్ సరిగా చార్జి చేయడం లేదు. 14.8 దాటితే అతిగా చార్జి చేసి బ్యాటరీలో నీళ్లను ఆవిరి చేసేస్తోంది.

ఎండ బ్యాటరీకి చేసే చెరుపు చాలామంది ఊహించేదాని కన్నా ఎక్కువ. వేడికి లోపలి ప్లేట్లు త్వరగా తినేసుకుపోతాయి, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. మూతలున్న బ్యాటరీలో వేసవి పొడుగునా పదిహేను రోజులకొకసారి నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. తీరం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవి ఒక్కసారి పోసినా ప్లేట్లకు తీరని నష్టం జరుగుతుంది.

బ్యాటరీ కొత్తది, చార్జింగూ బాగుంది. అయినా సెల్ఫ్ నెమ్మదిగానే తిరుగుతోంది. ఎందుకు?

కేబుళ్లను, ముఖ్యంగా ఎర్తును అనుమానించాలి. డీజిల్ పికప్ ఇంజన్‌ను తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటారు రెండు మూడు వందల ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ఉదాహరణకు 250 ఆంపియర్లు అనుకుంటే, దారిలో ఎక్కడైనా ఒక ఓమ్‌లో 250వ వంతు నిరోధం చేరినా ఒక పూర్తి వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది. కంటికి బాగానే కనిపించే టెర్మినల్ కింద పలచని తుప్పు పొర ఉన్నా చాలు. పైగా రాగి తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళితే పావు వంతుకు పైగా పెరుగుతుంది. పొద్దున అంతంతమాత్రంగా సరిపోయిన కరెంటు మధ్యాహ్నం చాలదు.

కొలిచే పద్ధతి తేలికైనదే. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండో కొనను సెల్ఫ్ మోటారు బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్తు దారిలో లోపం ఉంది. అలాగే పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు లావు బోల్టు వరకు కొలిస్తే 0.5 వోల్టులకు మించకూడదు. ఈ పరీక్ష బండి కదలకుండా న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ అందుకోకుండా డీజిల్ ఆపి చేయాలి.

చేపల లోడు వేసే బండ్లలో ఈ లోపం ఎక్కువగా కనబడడానికి కారణముంది. ఐసు కరిగి, ఉప్పునీళ్లతో కలిసి తొట్టి సందుల్లోంచి చాసీ మీదికి కారుతుంది. బ్యాటరీ ఎర్తు కేబులు చాసీకి బిగించిన బోల్టు దగ్గర అది నిలిచి, లగ్గుకూ (కేబులు కొనకు ఉండే లోహపు ఉంగరం) చాసీ రేకుకూ మధ్య తుప్పు పొరలు పొరలుగా పేరుకుంటుంది. బోల్టును ఇంకాస్త బిగించినంత మాత్రాన ఫలితం ఉండదు. కేబులు విప్పి, చాసీ మీద ఆ చోటును ఇసుక కాగితంతో తళుక్కున మెరిసే ఇనుము కనబడేదాకా గీకి, లగ్గును కూడా అలాగే శుభ్రం చేసి, కొత్త స్ప్రింగు వాషరుతో బిగించి, పైన గ్రీజు పూయాలి. ఇంజన్‌కూ చాసీకీ మధ్య ఉండే అల్లిక ఎర్తు పట్టీని కూడా ఇదే సమయంలో చూడాలి. ఇంజన్ మౌంటింగులు రబ్బరువి కనుక ఆ పట్టీ తెగితే ఇంజన్‌కు సరైన ఎర్తు ఉండదు.

కేబుళ్లు కూడా బాగున్నాయి. సెల్ఫ్ మోటారులో ఏం చూడాలి?

కార్బన్ బ్రష్‌ల పొడవు, బుష్‌ల (ఇరుసు తిరిగే గూళ్లు) అరుగుదల, సొలినాయిడ్ (కీ తిప్పగానే అయస్కాంతంలా లాగి మోటారుకు కరెంటు కలిపే భాగం) లోపలి రాగి కాంటాక్టులు. బుష్‌లు అరిగితే ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) పక్కకు ఒరిగి లోపల రాసుకుంటుంది. వేడికి లోహం వ్యాకోచించినప్పుడు ఆ రాపిడి పెరిగి మోటారు బిగుసుకుంటుంది. ఇది వేడి మీద మాత్రమే బయటపడే లోపాల్లో ముఖ్యమైనది. బెంచి మీద చల్లగా తిప్పి చూస్తే తెలియదు.

కీ తిప్పినప్పుడు టక్కుమని ఒక్క శబ్దం వచ్చి ఏమీ తిరగకపోయినా, ఆ శబ్దం కూడా రాకపోయినా, సొలినాయిడ్‌కు వచ్చే సన్న వైరు దగ్గర ఎన్ని వోల్టులు అందుతున్నాయో కొలవాలి. పాత బండ్లలో ఆ కరెంటు ఇగ్నిషన్ స్విచ్చి గుండా వస్తుంది. స్విచ్చి లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉంటే, వేడెక్కిన సొలినాయిడ్ కాయిల్‌కు చాలినంత కరెంటు అందదు. మధ్యలో ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెట్టించడం తక్కువ ఖర్చుతో అయ్యే శాశ్వత పరిష్కారం.

సెల్ఫ్ వేగంగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. ఇప్పుడేం చూడాలి?

సైలెన్సర్ చివర చూడాలి. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు వెనక నిలబడి పొగ వస్తున్నదా లేదా గమనించాలి. తెల్లగానో బూడిద రంగుగానో పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లలోకి చేరుతోంది, కాని సరిగా మండడం లేదు. అప్పుడు నాజిల్ (సిలిండరులోకి డీజిల్ చిమ్మే మొన) పిచికారీ, పంపు టైమింగు (డీజిల్ వదిలే సమయం), కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుడు) వైపు వెళ్లాలి. పొగ బొత్తిగా రాకపోతే డీజిల్ చేరడమే లేదు, లేదా చాలినంత చేరడం లేదు. వేడి మీద మాత్రమే మొండికేసే పాత బండ్లలో ఎక్కువగా కనబడేది ఈ రెండో పరిస్థితే.

పంపు పోయిందని అంటున్నారు. విప్పించే ముందు నిర్ధారించుకోవడం ఎలా?

పంపు విప్పడం, డీజిల్ పంపు సర్వీసు షాపులో బెంచి మీద కట్టి క్యాలిబ్రేషన్ (పంపు వదిలే డీజిల్ కొలిచి సరిచేయడం) చేయించడం పెద్ద ఖర్చు, రెండు మూడు రోజుల పని. దానికి ముందు నీళ్లు, ఒక పాత గుడ్డ తప్ప మరేమీ అక్కరలేని పరీక్ష ఒకటుంది. దీన్ని చేయకుండా పంపు విప్పనివ్వకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

ముందుగా మీ బండిలో ఉన్నది ఏ రకం పంపో చూడాలి. గుండ్రంగా పొట్టిగా ఉండి, ఒక చివర నుంచే నాజిల్ పైపులన్నీ వలయంగా బయలుదేరితే అది రోటరీ పంపు. పొడుగ్గా ఉండి, పైన ఒకే వరుసలో పైపులు ఉంటే అది ఇన్‌లైన్ పంపు. పాత పంపుల మీద మైకో అన్న ముద్ర కనబడుతుంది. ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది, అయినా షెడ్లలో ఇంకా మైకో పంపు అనే అంటారు. రోటరీ పంపులో డీజిల్‌ను అధిక పీడనానికి తెచ్చే భాగం పైపులు బయలుదేరే ఆ తల దగ్గరే ఉంటుంది. అక్కడ లోపల తిరిగే భాగానికీ దాని గూడుకూ మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లు మాత్రమే. అది అరిగినప్పుడు డీజిల్ నాజిళ్లకు పోకుండా ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది. చల్లని డీజిల్ కాస్త చిక్కగా ఉంటుంది కనుక పొద్దున జారడం తక్కువ. వేడి డీజిల్ పలచబడుతుంది కనుక, అందులోనూ సెల్ఫ్ తిప్పే వేగం ఇంజన్ ఐడిలింగు వేగం కన్నా చాలా తక్కువ కనుక, మధ్యాహ్నం నాజిల్ తెరుచుకోవడానికి కావలసిన పీడనం రాదు. ఒకసారి ఇంజన్ అందుకుంటే పంపు వేగం పెరిగి, జారిపోయే లోపు చాలినంత డీజిల్ వెళ్లిపోతుంది. అందుకే ఇలాంటి బండి రోడ్డు మీద లాగుడు తగ్గకుండా పోతుంది, ఆపితేనే పేచీ.

పరీక్ష ఇలా చేయాలి. బండి వేడి మీద మొరాయించినప్పుడు సెల్ఫ్ కొట్టడం ఆపి, ఇగ్నిషన్ ఆఫ్ చేయాలి. మందపాటి నూలు గుడ్డనో గోనె ముక్కనో మామూలు నీళ్లలో తడిపి, నీళ్లు కారకుండా పిండి, పంపు తల చుట్టూ చుట్టాలి. గుడ్డ వేడెక్కగానే తీసి మళ్లీ తడిపి చుట్టాలి. ఇలా పది నిమిషాలు చేసి, గుడ్డ తీసేసి సెల్ఫ్ కొట్టాలి. ఇంజన్ మిగతా భాగమంతా వేడిగానే ఉండి, పంపు ఒక్కటే చల్లబడిన ఈ స్థితిలో బండి వెంటనే అందుకుంటే, మరోరోజు ఇదే పరీక్ష చేసినా అదే ఫలితం వస్తే, పంపు తల అరిగిందని దాదాపు నమ్మవచ్చు. పది నిమిషాలు ఊరికే ఆగినా అందుకుంటున్నదేమో తెలుసుకోవడానికి, ఒకరోజు గుడ్డ చుట్టకుండా అంతేసేపు ఆగి కూడా చూడాలి. ఆ పోలిక లేకపోతే పరీక్షకు విలువ లేదు.

ఒక జాగ్రత్త. తొందరలో చెంబుతో చన్నీళ్లు పంపు మీద కుమ్మరించవద్దు. పై గూడు ఒక్కసారిగా కుంచించుకుపోయి, లోపలి భాగం ఇంకా వేడిగా ఉండడంతో ఆ కొద్దిపాటి ఖాళీ మూసుకుపోయి పంపు పట్టేసే ప్రమాదముంది. ఇంజన్ తిరుగుతుండగా ఆ పని ఎంతమాత్రం చేయకూడదు.

ఇన్‌లైన్ పంపులో ఈ లోపం ఉండదా?

ఉంటుంది, కాని తక్కువ. అందులో ఒక్కో సిలిండరుకు డీజిల్‌ను నొక్కే ఒక్కో ఎలిమెంటు ఉంటుంది. నాలుగూ ఒకేసారి అంతగా అరగడం అరుదు. అందుచేత బండి బొత్తిగా అందుకోకపోవడం కన్నా, ఒకటి రెండు సిలిండర్ల మీద తడబడుతూ అందుకోవడం కనబడుతుంది.

పంపు అరిగిందని తేలింది. సీజను అయ్యేదాకా నెట్టుకురావచ్చా?

కొన్ని వారాలు వీలవుతుంది. ట్యాంకును సగానికి తగ్గనివ్వవద్దు. నాజిళ్ల నుంచి, పంపు నుంచి తిరిగి వచ్చే డీజిల్ వేడిగా ఉంటుంది. ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉంటే అదే కొద్ది డీజిల్ మళ్లీ మళ్లీ తిరిగి మరింత వేడెక్కుతుంది. సరుకు దింపేటప్పుడు బండిని నీడన, ముందు భాగం గాలివైపు ఉండేలా నిలిపి బానెట్ ఎత్తి ఉంచాలి.

కిరోసిన్ కలిసిన డీజిల్ జోలికి మాత్రం పోవద్దు. మన దేశంలో డీజిల్ ప్రమాణం ప్రకారం 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 2 నుంచి 4.5 సెంటిస్టోకుల మధ్య ఉండాలి. కిరోసిన్ అంతకన్నా పలచన, జారుడు గుణం కూడా తక్కువ. అది అరిగిన పంపులో మరింత సులువుగా జారిపోవడమే కాక, అరుగుదలను వేగిరం చేస్తుంది. డబ్బాల్లో అమ్మే డీజిల్ పోయించుకుంటూ పంపును తప్పుపట్టడంలో అర్థం లేదు.

డీజిల్ ఆపే సొలినాయిడ్ వల్ల ఇలా జరుగుతుందా?

జరుగుతుంది. చాలా రోటరీ పంపుల మీద కీ ఆన్ చేయగానే డీజిల్ దారి తెరిచే చిన్న సొలినాయిడ్ ఒకటి ఉంటుంది. దాని కాయిల్‌లో సన్న పగులు ఉంటే చల్లగా ఉన్నప్పుడు కలిసి, వేడికి విడిపోతుంది. వేడి మీద కీ ఆన్, ఆఫ్ చేస్తూ పంపు దగ్గర చెవి పెడితే టిక్కుమనే శబ్దం రావాలి. రాకపోతే, వైరు దగ్గర 12 వోల్టులు వస్తున్నాయేమో ముందు కొలవాలి. కరెంటు వచ్చినా శబ్దం రాకపోతే సొలినాయిడ్ మార్చాలి. పంపు విప్పించడంతో పోలిస్తే ఇది చాలా చిన్న పని. తడిగుడ్డ పరీక్ష చేసినప్పుడు ఈ సొలినాయిడ్ కూడా చల్లబడుతుంది కనుక, పంపు మీద తీర్పు చెప్పే ముందు దీన్ని తప్పక విడిగా చూడాలి.

పైపుల్లో గాలి చేరితే ఎలా తెలుస్తుంది?

గాలి లీకు ఉన్న బండి వేడి మీద మాత్రమే కాక, రాత్రంతా నిలిపిన తరువాత పొద్దున కూడా ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఆ సమయంలో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. మీ బండి పొద్దున నిక్షేపంగా స్టార్ట్ అవుతుంటే గాలిని రెండో వరుసలో పెట్టుకోవచ్చు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను లాగే చిన్న పంపు) దాకా ఉన్న పైపు పీల్చే వైపు కనుక, అక్కడ రంధ్రం ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద మరక లేదని లీకు లేదనుకోకూడదు. ఫిల్టరుకు ముందు ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు అమర్చి చూస్తే బుడగలు కనబడతాయి. వేడి మీద మొరాయించినప్పుడు హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) గట్టిపడేదాకా కొట్టి, తరువాత సెల్ఫ్ కొడితే అందుకుంటే, లోపం పంపుకు ముందున్న దారిలోనే ఉంది. ఎండకు పగిలిన రబ్బరు పైపులు, బాంజో బోల్టుల (డీజిల్ పైపులను కలిపే బోలు బోల్టులు) రాగి వాషర్లు, మూసుకుపోయిన ఫిల్టరు, ట్యాంకు మూతలో గాలి పోయే రంధ్రం చూడాలి. మూత తీయగానే బుస్సుమని గాలి పీల్చుకుంటే ఆ రంధ్రం మూసుకుపోయినట్టే. దుమ్ము రేగే దారుల్లో తిరిగే బండ్లకు ఇది మామూలే.

హీటర్ ప్లగ్గులు మార్చమంటున్నారు. మార్చాలా?

వద్దు. అవి చల్లని ఇంజన్‌కు సాయం చేసే భాగాలు. పొద్దున బాగా స్టార్ట్ అయ్యే బండికి మధ్యాహ్నపు ఇబ్బందిలో వాటి పాత్ర లేదు. పైగా చాలా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు అవి ఉండనే ఉండవు.

కామన్ రైల్ ఇంజన్ అయితే తేడా ఏమిటి?

రెండు లోపాలు ముందు చూడాలి. మొదటిది క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే భాగం). ఇంజన్ తిరుగుతున్నదని కంప్యూటరుకు చెప్పేది అదే. దాని కాయిల్ వేడికి విడిపోతే కంప్యూటరు డీజిల్ వదలదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఇంజన్ వేగం సున్నా చూపిస్తే అనుమానం బలపడుతుంది. రెండోది ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) నుంచి వెనక్కి కారే డీజిల్. స్టార్ట్ కావాలంటే రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి పైపులో, సుమారు 200 బార్‌ల పీడనమైనా రావాలి. అరిగిన ఇంజెక్టర్లు వేడి డీజిల్‌ను వెనక్కి వదిలేస్తే అంత పీడనం నిలవదు. ఒక్కో ఇంజెక్టరు రిటర్న్ పైపును ఒక్కో సీసాలో పెట్టి, ఒకే సమయంలో ఏది ఎక్కువ నింపుతున్నదో చూస్తే దోషి దొరుకుతుంది. నాలుగు ఇంజెక్టర్లూ మార్చమని చెప్పేవారిని ముందు ఈ సీసాల పరీక్ష చూపించమని అడగాలి.

పాత బండ్లలో అలవాటుగా చేసినట్టు నాజిల్ పైపు నట్టు వదులు చేసి డీజిల్ వస్తున్నదా అని చూడడం కామన్ రైల్ ఇంజన్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అంత పీడనంతో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది పోటంత గాయమే కనబడినా చెయ్యి పోగొట్టుకునే ప్రమాదమది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాత పంపుల నాజిళ్లు కూడా వందల బార్‌ల పీడనంతోనే పని చేస్తాయి కనుక, పిచికారీకి చెయ్యి అడ్డం పెట్టడం అక్కడా తప్పే.

కంప్రెషన్ పోయింది, ఇంజన్ పని చేయించాలి అంటున్నారు. నమ్మవచ్చా?

కంప్రెషన్ తగ్గిన డీజిల్ ఇంజన్ ముందుగా చల్లని పొద్దున ఇబ్బంది పెడుతుంది. పొద్దున సులువుగా, మధ్యాహ్నం కష్టంగా స్టార్ట్ అయ్యే బండికి మొదటి మాటగా బోరింగు (అరిగిన సిలిండర్లను కోయించే పెద్ద పని) చెప్పడం తొందరపాటు. దీనికి ఒక మినహాయింపు ఉంది. ట్యాపెట్ ఖాళీ (వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య సందు) ఉండవలసినదాని కన్నా తక్కువగా పెట్టి ఉంటే, వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోక కంప్రెషన్ లీకవుతుంది. ట్యాపెట్ సెట్టింగు కొన్ని గంటల పని. ముందు అది చేయించి, తరువాత వేడి మీదే కంప్రెషన్ కొలిపించి, ఆ అంకెలు చూశాకే పెద్ద పని గురించి ఆలోచించాలి.

బండి వేడెక్కి నీళ్లు తగ్గిపోతున్నాయి, స్టార్టింగూ కష్టంగా ఉంది. రెండూ ఒకటేనా?

కావచ్చు, ఇది తీవ్రమైన విషయం. సాలూరు ఘాటు ఎక్కి సుంకి వైపు లోడుతో వెళ్లే బండ్లలో ఇంజన్ ఒకసారి అతిగా వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ తలకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) దెబ్బతినవచ్చు. ఆపిన తరువాత రేడియేటర్‌లోని ఒత్తిడికి నీళ్లు సిలిండరులోకి చేరతాయి. అప్పుడు సెల్ఫ్ కొడితే టక్కున ఆగిపోయినట్టు శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినగానే ఇక సెల్ఫ్ కొట్టవద్దు, తోయించవద్దు. నీళ్లు నొక్కుడు పడవు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

పెట్రోలు పికప్‌లో ఇదే ఇబ్బంది వస్తే?

కార్బురేటర్ ఉన్న పాత బండిలో పైపుల్లోనే పెట్రోలు ఆవిరైపోవడమో, కార్బురేటర్‌లో మరిగి లోపలికి పొంగిపోవడమో జరుగుతుంది. పొంగినప్పుడు పెట్రోలు వాసన గట్టిగా వస్తుంది. అప్పుడు యాక్సిలేటర్ పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. పైపును మానిఫోల్డుకు దూరంగా జరిపి కట్టించడం మంచిది.

స్ప్రే కొట్టి గాని, తోసి గాని స్టార్ట్ చేయవచ్చా?

ఎయిర్ ఫిల్టర్ దగ్గర స్ప్రే కొట్టడం, పెట్రోలు గుడ్డ పెట్టడం వేడి డీజిల్ ఇంజన్ మీద చేయకూడని పనులు. అది అదుపు లేకుండా ముందుగానే మండి రింగులను, పిస్టన్‌ను విరిచేస్తుంది. తోయించడం, సెల్ఫ్ నెమ్మదిగా తిరిగే పాత బండికి చదునైన చోట మాత్రమే సరే. వాలులో వద్దు. ఇంజన్ అందుకునేదాకా బ్రేకుకు వాక్యూమ్ సాయం ఉండదు, పవర్ స్టీరింగు ఉంటే అదీ బిగుసుకుంటుంది. లోడు బండిని ఘాటు వాలులో ఆ స్థితిలో వదలడం ప్రాణాలతో చెలగాటం.

సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పవద్దు. మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగాలి. ఎడతెరిపి లేకుండా కొడితే, అప్పటికే వేడిగా ఉన్న మోటారు కాలిపోయి, ఒక లోపం రెండు లోపాలవుతుంది.

ఆపితే స్టార్ట్ కాదని సరుకు దింపేదాకా ఇంజన్ ఆన్‌లోనే ఉంచుతున్నాము. తప్పా?

మడపాం టోల్ గేటు దగ్గర రెండు నిమిషాల క్యూలో ఆపకపోవడం వేరు. మార్కెట్లో గంటసేపు ఐడిలింగులో వదలడం వేరు. డీజిల్ వృథా కావడమే కాక, డ్రైవరు సీట్లో లేని బండి జనం మధ్య నడుస్తూ ఉండడం ప్రమాదం. ఇది లోపాన్ని దాచిపెట్టే పద్ధతి, చికిత్స కాదు.

మెకానిక్కుకు ఏం చెప్పాలి? బండిని ఎలా అప్పగించాలి?

వేడి మీద అప్పగించాలి. షెడ్డు దగ్గరలో ఉంటే కనీసం అరగంట నడిపి, అక్కడే ఆపి, ఇరవై నిమిషాలు ఆగి, మెకానిక్ కళ్ల ముందే సెల్ఫ్ కొట్టాలి. పొద్దున ఎన్ని సెకన్లకు అందుకుంటుంది, వేడి మీద ఎన్ని సెకన్లకు అందుకుంటుంది, ఆపిన ఎంతసేపటికి ఇబ్బంది మొదలవుతుంది, ఎంతసేపు ఆగితే తగ్గుతుంది, పొగ వస్తుందా, తడిగుడ్డ చుడితే ఏమైంది అన్నవి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఒక్కసారికి ఒక్క భాగమే మార్చమని, తీసిన భాగం తిరిగి ఇవ్వమని ముందే మాట తీసుకోవాలి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు. సరైన సమాచారం దొరికితే అతని పనీ తేలికవుతుంది.

మరమ్మతు తరువాత లోపం నిజంగా పోయిందని ఎలా తెలుసుకోవాలి?

షెడ్డులో స్టార్ట్ కావడం రుజువు కాదు. లోపం ఏ పరిస్థితిలో వచ్చిందో అదే పరిస్థితిలో చూడాలి. మధ్యాహ్నం, మామూలు లోడుతో, మామూలు దారిలో నడిపి, ఎప్పుడూ మొండికేసే అదే వ్యవధి ఆపి, మళ్లీ స్టార్ట్ చేయాలి. వరుసగా నాలుగైదు మధ్యాహ్నాలు, అందులో కనీసం ఒకటి బాగా ఎండ కాసిన రోజు, పొద్దున ఎన్ని సెకన్లకు అందుకుంటుందో అన్ని సెకన్లకే అందుకుంటే మరమ్మతు ఫలించినట్టు. కొత్తగా క్యాలిబ్రేషన్ చేసిన పంపుతో కూడా వేడి మీద సమయం ఎక్కువ పడుతుంటే, పంపు బిగించేటప్పుడు టైమింగు తప్పిందేమో, రాగి వాషర్లు పాతవే వేశారేమో చూడమని అదే వారంలో షెడ్డుకు తిరిగి తీసుకెళ్లాలి.